స్కూల్ బ్యాగ్‌లో మిగిలిపోయిన ఇన్సులిన్: టైప్ 1 డయాబెటిస్ ఉన్న పన్నెండేళ్ళ అమ్మాయి కేసు

ముందు ఒక మాట. ఈ కేసు రాయడానికి అమ్మాయి, వాళ్ళమ్మ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఊరు, ఇంట్లోవాళ్ళ వివరాలు, కొన్ని అంకెలు మార్చాను. రాశాక ముందు అమ్మాయికే చదివి వినిపించాను, రెండు చోట్ల "ఇది వద్దు మేడమ్" అంది, తీసేశాను. ఇంకోటి కూడా చెప్పింది, తనని "పాప" అని రాయొద్దంది. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నేను పిల్లల డయాబెటిస్ క్లినిక్‌లో ఎడ్యుకేటర్‌ని. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలి, తిండి ఎలా లెక్కేసుకోవాలి, షుగర్ పడిపోతే ఏం చేయాలి, ఇవన్నీ ఇంట్లోవాళ్ళకీ పిల్లలకీ నేర్పడం నా పని. ఈ కేసు మొదలైంది షుగర్ కంట్రోల్ తప్పిందన్న ఫిర్యాదుతో. అసలు సంగతి ఫోన్‌లో ఉందని తెలియడానికి నాకు ఇంచుమించు నెల పట్టింది.

అమ్మాయికి పన్నెండేళ్ళు, ఏడో తరగతి. 2019లో, ఆరేళ్ళప్పుడు టైప్ 1 అని తేలింది. పెద్దవాళ్ళకి మామూలుగా వచ్చే షుగర్ కాదిది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలని ఒంట్లోని రోగనిరోధక శక్తే దెబ్బతీస్తుంది, ఇక జీవితాంతం బయటి నుంచి ఇన్సులిన్ వేసుకోవాల్సిందే, పథ్యంతో పోదు, చెట్టు మందుతో అసలే పోదు. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు, మూడు పూటలా తినేముందు ఒక్కోటి, రాత్రికి ఇంకోటి. హెచ్‌బీఏ1సీ అని రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే పరీక్ష ఉంటుంది, ఈ అమ్మాయిది ఇన్నేళ్ళూ 7.5 నుంచి 8 మధ్యలోనే ఉండేది. మా దగ్గరికొచ్చే పిల్లల్లో అది మంచి అంకె. 2025 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు 10.4.

డాక్టర్ గారూ నేనూ మొదట అనుకున్నది వయసు వల్లే అని. ఎదిగే వయసులో హార్మోన్ల మార్పుల వల్ల ఇన్సులిన్ అంత బాగా పనిచేయదు, డోసులు పెంచాల్సి వస్తుంది, ఇది మేము రోజూ చూసేదే. పెంచాం. రెండు వారాలు తిరక్కుండానే వాళ్ళమ్మ ఫోన్ చేసింది, గొంతు వణుకుతోంది. "మేడమ్, స్కూల్ నుంచి వచ్చేసరికి మూడొందలు దాటి ఉంటోంది, రాత్రి మాత్రం పడిపోతోంది. నిన్న తెల్లవారుజామున 52." అంటే మేము పెంచిన డోసు ఒకచోట అందట్లేదు, ఇంకోచోట ఎక్కువైపోతోంది. రాత్రిపూట 52 అంటే ఆషామాషీ కాదు.

స్కూల్ బ్యాగ్‌తో సహా రమ్మన్నాను. మధ్యాహ్నం డోసు వేసుకునే పెన్ను ఆ బ్యాగ్‌లోనే ఉంటుంది. పెన్నులో కార్ట్రిడ్జ్ నిండా 300 యూనిట్లు. మధ్యాహ్నం డోసు 7, గాలి పోవడానికి ముందు వదిలేవి 2, మొత్తం 9. పెన్ను కొత్తది తీశాక 22 బడి రోజులు గడిచాయి, ఆ లెక్కన 200 యూనిట్ల దాకా అయిపోయి ఉండాలి. వెలుతురుకి పెట్టి చూశాను. కార్ట్రిడ్జ్ లోపల రబ్బరు బిళ్ళ ఒకటి ఉంటుంది, మందు అయిపోయేకొద్దీ అది గీతలు దాటుకుంటూ ముందుకు జరుగుతుంది. అది పెద్దగా జరగలేదు. ఇంకా 240 ఉన్నాయి. ఇరవై రెండు రోజుల్లో ఆరో ఏడో సార్లు వేసుకుంది, అంతే.

అమ్మాయి నా చేతిలో పెన్ను వంకే చూస్తోంది. నేనేమీ అడగలేదు, వాళ్ళమ్మని కాసేపు బయట కూర్చోమన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. బ్యాగ్ జిప్పు తెరుస్తూ మూస్తూ కూర్చుంది. తర్వాత ఒక్కో ముక్కా చెప్పింది. ఆగస్టులో క్లాసులో ఒకబ్బాయికి వాళ్ళింట్లో ఫోన్‌లో ఒక పాత వీడియో కనబడింది. పిల్లల గ్రూపులో పెట్టాడు. అప్పట్నుంచి లంచ్‌లో పెన్ను తీస్తే చాలు, "షుగర్ పాపా, ఇవాళ కూడా బట్టలు తడుపుకుంటావా" అని మొదలు.

"పెన్ను తీస్తే వాళ్ళకి గుర్తొస్తుంది మేడమ్. తీయకపోతే మర్చిపోతారు."

అమ్మకి ఎందుకు చెప్పలేదు నాన్నా అని అడిగాను. "చెప్తే అన్నీ తీసేస్తుంది. ఆ వీడియోల వల్ల వేరే పిల్లలు బతికారంట కదా. నా వల్ల ఆగిపోతాయి."

పన్నెండేళ్ళ పిల్ల మోయాల్సిన బరువా ఇది.

ఆ వీడియో సంగతి నాకు తెలుసు. చాలా బాగా తెలుసు. 2020 మే నెల, లాక్‌డౌన్. తండ్రి ఉద్యోగం వేరే రాష్ట్రంలో, రైళ్ళు బస్సులు లేక అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో అత్తగారు, కోడలు, ఏడేళ్ళ పిల్ల. రాత్రి రెండింటికి పిల్ల ఏదో గొణుగుతోందని లేచి చూస్తే షుగర్ 41. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, గ్లూకోజ్ నీళ్ళు పట్టండి, మింగుతోందా లేదా వీడియో తీసి పంపండి అన్నారు. అత్తగారు ఫోన్ పట్టుకుంది, ఈవిడ గ్లాసు పట్టుకుంది. నాలుగు నిమిషాల వీడియో. పిల్ల ఒళ్ళంతా చెమట, కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ అమ్మని గుర్తుపట్టినట్టు లేదు, గౌను తడిసిపోయింది, అమ్మ గొంతు మాత్రం చెక్కుచెదరకుండా "తాగు తల్లీ, ఇంకో గుక్క, ఇంకొక్కటే" అంటోంది. పావుగంటకి మళ్ళీ చూస్తే 78. (మింగలేని స్థితిలో, స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పోయకూడదు, అప్పుడు షుగర్‌ని పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్, ఆసుపత్రి. ఇది ఎక్కడ రాసినా మళ్ళీ మళ్ళీ రాస్తాను.)

అంటే వైద్యం కోసం, డాక్టర్‌కి చూపించడానికి తీసిన వీడియో అది. నెల రోజుల తర్వాత ఆవిడ దాన్ని యూట్యూబ్‌లో పెట్టింది, షుగర్ పడిపోతే పిల్లలు ఎలా ఉంటారో తెలుగులో చూపించేవాళ్ళు లేరని. పేరు "మా షుగర్ పాప". ముద్దుగా పెట్టుకున్న పేరు. లక్షల మంది చూశారు. దానితో కలిపి ఐదేళ్ళలో 86 వీడియోలు చేసింది.

ఆవిడని తేలిగ్గా తప్పు పట్టేవాళ్ళు ఇది కూడా వినాలి. రాయలసీమలో ఒక పల్లె నుంచి ఒకావిడ ఈ వీడియోలు చూసి, తన కొడుకు ఊరికే నీళ్ళు తాగడం, రాత్రిళ్ళు పక్క తడపడం, సన్నబడిపోవడం, ఉచ్చ పోసిన చోట చీమలు పట్టడం అన్నీ ఇవే కదా అనుకుని, వాంతులకి సెలైన్ ఎక్కించి పంపేస్తున్న ఊరి డాక్టర్‌ని వదిలి పెద్దాసుపత్రికి పరిగెత్తింది. ఇన్సులిన్ అందక రక్తంలో పేరుకునే విషం లాంటి కీటోన్లు ముదరకముందే పిల్లాడు దక్కాడు. ఆ తల్లి ఫోన్ చేసి చెప్పింది నేను స్వయంగా విన్నాను. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్‌ని కుండలో ఎలా దాచాలో ఈ అమ్మాయి వాళ్ళమ్మ చేసిన వీడియో నేను చెప్పే పాఠం కంటే బాగుంటుంది, అది ఇప్పటికీ కొత్తవాళ్ళకి చూపిస్తాను.

ఇక నా తప్పు. ఆ రాత్రి వీడియోని నేను మా క్లినిక్‌లో తల్లిదండ్రుల ట్రైనింగ్‌లో చాలాసార్లు వేశాను. వాట్సాప్‌లో ఎన్నో కుటుంబాలకి పంపాను. ప్రతిసారీ వాళ్ళమ్మ అనుమతి అడిగాను, ఒక్కసారి కూడా ఆ పిల్లని అడగలేదు. నవంబర్ 14 బాలల దినోత్సవమూ, ప్రపంచ డయాబెటిస్ దినోత్సవమూ ఒకేరోజు కదా, ఏటా ఆ రోజు పిల్లల్ని స్టేజీ మీద నిలబెట్టి బ్యానర్ ముందు ఫోటోలు తీసి పేపర్ వాళ్ళకి ఇచ్చేవాళ్ళం, ఊరి పేరుతో, స్కూల్ పేరుతో. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నియమాల ప్రకారం పరిశోధనలో చేర్చుకోవాలంటే ఏడేళ్ళు దాటిన పిల్లల సమ్మతి నోటిమాటగా అడగాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా తీసుకోవాలి. రక్తం బొట్టు పరిశోధనకి తీసుకోవడానికి పిల్లని అడుగుతాం, ముఖం పేపర్లో వేయడానికి మాత్రం అడగం. ఇన్నేళ్ళూ నాకు ఇందులో తేడా కనబడలేదు.

వాళ్ళమ్మని లోపలికి పిలిచే ముందు అమ్మాయినే అడిగాను, ఏం చెప్పమంటావు, ఎంత చెప్పమంటావు అని. ఏడిపిస్తున్నారని చెప్పండి, ఎవరో పేరు చెప్పొద్దు అంది. అంతే చెప్పాను.

ఆవిడ మొదట ఏడ్చింది. తర్వాత కోపం వచ్చింది, నా మీద. "అయితే దాచిపెట్టమంటారా మేడమ్? మా అత్తగారూ ఇదే అంది మొదటిరోజు నుంచి. ఆడపిల్ల, రేపు సంబంధాలు రావు, నోరెత్తకు, బంధువుల ఇంటికెళ్తే బాత్రూంలో వేయించు అని. నా కూతురు బాత్రూంలో ఇంజెక్షన్ వేసుకోకూడదనే ఇవన్నీ పెట్టాను."

ఈ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఆవిడ చెప్పింది నిజం. టైప్ 1 ఉన్న ఆడపిల్లల ఇళ్ళలో గుట్టు ఎంత పని చేస్తుందో మాకు తెలుసు, పెళ్లి కుదిరాక ఇన్సులిన్ మానేసి ఐసీయూలో తేలిన అమ్మాయిలని చూశాం. కాబట్టి గోప్యత అని మనం అన్న వెంటనే ఆ తల్లికి అత్తగారి గొంతే వినబడుతుంది. పిల్లల ప్రైవసీ గురించి కౌన్సెలింగ్ చేసేవాళ్ళు ముందు ఈ ముడి విప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేదేదీ ఎక్కదు. నేను ఆవిడతో అన్నది ఇది: "దాచమనట్లేదమ్మా. అత్తగారు ఎవరికీ చెప్పొద్దన్నారు, మీరు అందరికీ చెప్పారు, రెండుసార్లూ తనని అడగలేదు. ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో తననే తేల్చుకోనివ్వండి."

ఆవిడకి ఎలిజబెత్ హ్యూస్ సంగతి చెప్పాను. ఇన్సులిన్ వచ్చిన కొత్తలో, 1922లో, టొరంటోలో, దాన్ని కనిపెట్టినవాళ్ళలో ఒకరైన డాక్టర్ బాంటింగ్ దగ్గర వైద్యం తీసుకున్న అమెరికన్ అమ్మాయి, అప్పటికి పదిహేనేళ్ళు నిండుతున్నాయి. తండ్రి అమెరికా విదేశాంగ మంత్రి, అందుకని ఆ పిల్ల జబ్బు, బరువు, వైద్యం అన్నీ పేపర్లకి వార్తలైపోయాయి. 1981లో చనిపోయేదాకా, దాదాపు అరవై ఏళ్ళు ఇన్సులిన్‌తో నిండుగా బతికింది. కానీ పెద్దయ్యాక తన డయాబెటిస్ గురించి దగ్గరివాళ్ళలో కూడా చాలామందికి తెలియనివ్వలేదు, తండ్రి కాగితాల్లో తన జబ్బు ప్రస్తావనలు కూడా తీసేయించింది. ఇన్సులిన్ ఎంత గొప్ప మందో చూపించడానికి ఆవిడ కంటే మంచి ఉదాహరణ లేదు, ఆ ఉదాహరణగా ఉండడమే ఆవిడకి ఇష్టం లేదు.

వాళ్ళమ్మ కాసేపు ఊరుకుని, "పాపం, అంత దాచుకోవాల్సి వచ్చిందా" అంది. నేనైతే ఆ కథలో వేరే సంగతి చూసి చెప్పాను, ఆవిడ వేరే సంగతి విన్నది. ఇద్దరం విన్నదీ అందులో ఉంది.

చట్టం సంగతి కూడా ఆవిడే అడిగింది. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, అది పిల్లలకీ వర్తిస్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిది నిండనివాళ్ళని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. కానీ పెట్టేది తల్లే అయినప్పుడు ఆ అనుమతి కూడా ఆవిడదే. అక్కడ పిల్ల తరపున అడిగేవాళ్ళు ఇంట్లోనే ఉండాలి.

మూడు వారాల తర్వాత అసలు పని మొదలుపెట్టాం. 86 వీడియోల పేర్లు ప్రింట్ తీసుకొచ్చింది వాళ్ళమ్మ. నా రూల్ ఒకటే, పెన్సిల్ అమ్మాయి చేతిలో ఉంటుంది, అమ్మ ఎందుకు అని అడగొచ్చు కానీ బతిమాలకూడదు. రెండు సిట్టింగులు పట్టింది. నేను ముందే ఊహించుకుని కూర్చున్నాను ఏవి కొట్టేస్తుందో, సగం తప్పాయి.

ఆ రాత్రి వీడియో మొదటి నిమిషంలోనే పోయింది, దాని గురించి మాటే లేదు. ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి తనే పొట్టకి ఇంజెక్షన్ వేసుకున్న వీడియో ఉంది, గౌను ఎత్తి పొట్ట కనబడుతుంది, అది కచ్చితంగా పోతుందనుకున్నాను. "అది ఉండనీ. ముఖం, పొట్ట కనబడకుండా చెయ్యి మాత్రం కనబడేలా కత్తిరించు. అది నేను బాగా చేశాను" అంది. స్కూల్ వార్షికోత్సవంలో డాన్స్ చేసిన వీడియో ఒకటి ఉంది, అందులో ఇబ్బందిపడేది ఏమీ లేదు, చక్కగా చేసింది, మేమందరం షేర్ చేశాం. దాని మీద అడ్డంగా గీత కొట్టింది. వాళ్ళమ్మ ఉండబట్టలేక "అదెందుకే, అంత బాగుంటే" అంది.

"అది డాన్స్ అమ్మా. పైన షుగర్ ఉన్నా ఆగలేదు అని రాశావు. నేను షుగర్ కోసం డాన్స్ చేయలేదు."

వాళ్ళమ్మ దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు.

చివరికి 34 వీడియోలు ప్రైవేట్‌లోకి పోయాయి, 17 కత్తిరించి, ముఖం, స్కూల్ యూనిఫాం, పేరు తీసేసి మళ్ళీ పెట్టారు. మిగతా 35లో అమ్మాయి అసలు లేదు, వంటలు, కుండలో ఇన్సులిన్, పెన్ను సూది మార్చడం, ప్రయాణాల్లో ఏం తీసుకెళ్ళాలి. అవి అలాగే ఉన్నాయి. "షుగర్ పాప" అన్న మాట అన్నిచోట్లా తీసేశారు.

నష్టం లేకుండా ఏమీ జరగలేదు. ఆ ఛానెల్ మీద వచ్చే డబ్బుతోనే షుగర్ చూపించే, చేతికి పెట్టే సెన్సర్ కొనేవాళ్ళు, పద్నాలుగు రోజులకొకటి. వచ్చేదాంట్లో పెద్ద వాటా ఆ రాత్రి వీడియోదే. ఇప్పుడు నెలలో రెండు వారాలు సెన్సర్, రెండు వారాలు వేలికి గుచ్చి చూడడం. ఈ లెక్క అమ్మాయికి చెప్పాలా వద్దా అని వాళ్ళమ్మా నేనూ చాలా తర్జనభర్జన పడ్డాం, చెప్పాలనే తేల్చాం, ఎందుకంటే రేపు సెన్సర్ లేని వారంలో తనే కనిపెడుతుంది. విని, "వేలికి గుచ్చుకుంటా, నాకేం పర్లేదు" అంది. పిల్ల వైద్యానికి పిల్ల ముఖమే డబ్బు తేవాల్సి రావడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

తీసేసినంత మాత్రాన పోవు కూడా. ఆ రాత్రి వీడియోని ఇంకో రెండు ఛానెళ్ళు కాపీ చేసి పెట్టుకున్నాయి. యూట్యూబ్‌లో ప్రైవసీ ఫిర్యాదు పెడితే ఒకటి పోయింది, రెండోదానికి మళ్ళీ పెట్టారు, ఇంకా నడుస్తోంది. పద్దెనిమిది లోపు పిల్లల ఫోటోలు సెర్చ్‌లో కనబడకుండా చేయమని గూగుల్‌ని అడగొచ్చు, అదీ చేశారు, అయితే అది సెర్చ్‌లోంచి తీసేస్తుంది కానీ అసలు పేజీ అక్కడే ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగేదాన్ని ఎవరూ ఆపలేరు. అన్నీ పోయాయి అని అమ్మాయికి అబద్ధం చెప్పలేదు. మిగిలాయని చెప్పి, ఎవరైనా అడిగితే ఏమంటావు అని ప్రాక్టీస్ చేశాం. ఆ ప్రాక్టీస్‌లో తను ఎంచుకున్న జవాబు, మొదట చెప్పాను కదా, ఈ కేసులోంచి తను తీసేయమన్న రెండింటిలో ఒకటి.

స్కూల్ విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాను, ఇక్కడ నేను మెత్తబడలేదు. షుగర్ పడిపోతే పక్కనున్న మనిషికి తెలిసి ఉండాలి, అది ప్రైవసీ లెక్కలోకి రాదు, ప్రాణం లెక్కలోకి వస్తుంది. క్లాస్ టీచర్‌కి, పీఈటీ సార్‌కి తెలియాల్సిందే. స్నేహితుల్లో ఎవరికి అన్నది తన ఇష్టం, ఇద్దరి పేర్లు చెప్పింది, తనే చెప్పుకుంటానంది. బోర్డు పరీక్షల్లో టైప్ 1 పిల్లలు తినడానికి ఏదైనా తీసుకెళ్ళొచ్చని సీబీఎస్ఈ 2017లోనే చెప్పింది, బాలల హక్కుల జాతీయ కమిషన్ 2023లో అన్ని రాష్ట్రాలకీ రాసింది, క్లాసులో అవసరమైతే షుగర్ చూసుకోనివ్వాలి, ఇన్సులిన్ వేసుకోనివ్వాలి అని. ఆ కాగితం పట్టుకుని వాళ్ళమ్మ హెడ్మాస్టర్ దగ్గరకెళ్ళింది. ఏడిపించిన పిల్లల సంగతి ఆయన ఎవరి పేరూ క్లాసులో ఎత్తకుండా చూసుకున్నారు. అది ఆయన పెద్దమనసు.

నేను అమ్మాయికి క్షమాపణ చెప్పాను. ట్రైనింగుల్లో నిన్ను అడక్కుండా నీ వీడియో వేశాను, తప్పు చేశాను అన్నాను. "ఎంతమంది చూశారు?" అని అడిగింది. లెక్క తెలియదు, రెండొందల కుటుంబాలు ఉండొచ్చు అన్నాను. కాసేపు ఆలోచించి, "వాళ్ళు నవ్వారా?" అంది. లేదమ్మా, చాలామంది ఏడ్చారు అన్నాను. ఇంకేమీ అడగలేదు. మా క్లినిక్ ఫారంలో ఇప్పుడు తల్లిదండ్రుల సంతకం కింద ఇంకో గీత ఉంది, ఏడేళ్ళు దాటిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ చదివి వినిపించి అడుగుతాం, వద్దంటే అమ్మానాన్నలు ఒప్పుకున్నా తీయం. ఆ ఏడాది నవంబర్ 14కి స్టేజీ ఫోటోలు లేవు.

వాళ్ళమ్మ వీడియోలు మానలేదు. మొన్న చేసినదాంట్లో వంటింటి బల్ల మీద ఆవిడ చేతులు, గ్లూకోమీటర్, అలారం పెట్టిన ఫోన్ మాత్రమే కనబడతాయి. రాత్రి రెండింటి అలారానికి ఐదేళ్ళుగా తన నిద్ర ఏమైందో, ఎవరి మీద అరిచిందో, ఒక్కరోజు అలారం మోగినా లేవలేక పడుకుండిపోయి తెల్లారి ఎంత కుమిలిపోయిందో చెప్తుంది. పిల్ల గురించి ఒక్క ముక్క ఉండదు. పెట్టే ముందు కూతురికి చూపించిందట. "ఇది నీదే కదమ్మా, పెట్టుకో" అందట. వ్యూస్ తక్కువే, కింద తల్లులు రాసినవి మాత్రం చాలా పొడుగ్గా ఉన్నాయి.

డిసెంబర్ చివర్లో హెచ్‌బీఏ1సీ 8.6. పెంచిన డోసుల్ని మధ్యాహ్నం ఇన్సులిన్ సరిగ్గా పడుతోందని తేలాక తగ్గించాం, రాత్రిళ్ళు పడిపోవడం ఆగింది. పెన్ను మళ్ళీ వెలుతురుకి పెట్టి చూశాను, అడిగే చూశాను. రబ్బరు బిళ్ళ ఉండాల్సిన చోటుకి కొంచెం వెనకాలే ఉంది, ఇంకా వారానికి ఒకటో రెండో డోసులు తప్పుతున్నాయి. ఎందుకు నాన్నా అంటే, లంచ్ బెల్లు కొట్టగానే ఖోఖో గ్రౌండ్‌లో చోటు పట్టుకోవాలంట, ఆలస్యమైతే ఎనిమిదో తరగతి వాళ్ళు ఆక్రమిస్తారంట. బెల్లుకి ఐదు నిమిషాల ముందు క్లాసులోనే వేసుకోనివ్వమని టీచర్‌ని అడుగుతానంది, తనే.